ఆ రాత్రి మా వల మీదుగా పోయిన ఓడ పేరు చెప్పండి

కేంద్ర అంతరిక్ష శాఖ కార్యదర్శి గారికి, షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ గారికి, ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి

అయ్యా,

మీ ముగ్గురికీ కలిపి ఒకే లేఖ రాయడానికి కారణం ఉంది. నేను అడగబోయే కాగితానికి కావలసిన సమాచారం మీ ముగ్గురి దగ్గరా తలా కాస్త ఉంది. విడివిడిగా వస్తే ఒకరు ఇంకొకరి దగ్గరికి పొమ్మంటారని భయం.

అడిగేది ముందే చెప్పేస్తాను. సముద్రంలో రాత్రిపూట ఏదో ఓడ వలను తెంపుకుని పోయిందని ఒక మత్స్యకారుడు తేదీ, టైము, జీపీఎస్ పాయింటు రాసి ఇస్తే, ఆ సమయంలో ఆ చుట్టుపక్కల ఏయే ఓడలు తిరిగాయో తెలిపే ధ్రువపత్రం వారం లోపల అతని చేతికి రావాలి. శాటిలైట్లు ఉన్నాయి, తీరం వెంబడి రాడార్లు ఉన్నాయి, ఓడలు పంపే సంకేతాల రికార్డు ఉంది. లేనిది ఆ కాగితం ఒక్కటే.

మాది నెల్లూరు వైపు సముద్రపు ఒడ్డు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తుందంటే మాకు ముందే చెప్పిపోతారు, ఫలానా టైము దాకా సముద్రంలోకి పోవద్దని. గస్తీ బోట్లు తిరుగుతుంటాయి. ఆ పూట వేట పోయినట్టే. పిల్లలు మాత్రం ఒడ్డున చేరి కేకలు పెడతారు, నేనూ పెట్టినవాణ్ణే. 2011 ఏప్రిల్ 20న రిసోర్స్‌శాట్-2 పైకి పోయింది. పంటలు, అడవులు చూడటానికి పంపిన ఆ శాటిలైట్‌లో ఓడల సంకేతాలు వినే పరికరం ఒకటి ప్రయోగాత్మకంగా అమర్చారని మ్యాపుల ఉద్యోగంలో చేరాక గానీ నాకు తెలియలేదు. 2022 ఫిబ్రవరి 14న ఈఓఎస్-04 పోయింది. అది రాడార్ శాటిలైట్, మబ్బు పట్టినా చీకటి పడినా చూడగలదు. 2025 జులై 30న నాసాతో కలిసి చేసిన నైసార్ పోయింది. అన్నీ మా తీరం నుంచే లేచాయి. వాటి కోసం మేం వేట మానుకుని ఇంట్లో కూర్చున్నాం, మంచిదే. అవి చూసిన దాంట్లో మా పనికొచ్చేది ఏమైనా ఉంటే మాకూ చెప్పమనడం పెద్ద కోరిక కాదనుకుంటాను.

మా చిన్నాయన ఇప్పటికీ వేటకు పోతాడు. ఫైబర్ బోటు, ఇంజను, తోడు ముగ్గురు నలుగురు మనుషులు. సాయంత్రం వల వదిలి, చివర బోయాకు మినుకు మినుకుమనే లైటు కట్టి, తెల్లారేదాకా అక్కడక్కడే ఉంటారు. పోర్టుకు వచ్చే బొగ్గు ఓడ మీద నుంచి ఆ లైటు కనపడటం కష్టం. కనపడినా అంత ఓడను అప్పటికప్పుడు తిప్పడం కుదరదు. కింద మనవాళ్లు టార్చిలు ఊపుతారు, అరుస్తారు, ఇంజను స్టార్ట్ చేసి పక్కకు తప్పుకుంటారు. ఓడ దాటిపోయాక లాగితే వల సగమే వస్తుంది, అది కూడా మెలికలు పడిపోయి. ఒకసారి అలా పోయినప్పుడు చిన్నాయన స్టేషన్‌కు పోయి రాసిచ్చాడు. అక్కడాయన మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, అంతా విని ఒకటే అడిగాడు.

"ఓడ పేరేంది పెద్దాయనా?"

కటిక చీకట్లో, ఊగే బోట్లో నిలబడి, తల మీదుగా పోతున్న ఇనుప గోడ మీద పేరు చదివి రావాలన్నమాట. పేరు లేదు కాబట్టి కేసు లేదు. వల అప్పు చేసి కొన్నది కాబట్టి అప్పు మాత్రం ఉంది.

విచిత్రం ఏమిటంటే ఆ ఓడ తానెవరో ఆ రాత్రంతా చెబుతూనే ఉండి ఉంటుంది. 300 టన్నులు, అంతకు మించి ఉండి దేశాల మధ్య తిరిగే ప్రతి ఓడలో ఏఐఎస్ అనే పరికరం ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. 2004 చివరికల్లా అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఓడ కదులుతున్నంత సేపూ ఆ పరికరం కొన్ని సెకన్లకోసారి తన తొమ్మిదంకెల నంబరు, తానున్న చోటు, వేగం, దిక్కు రేడియోలో పంపుతూనే ఉంటుంది. పేరు, ఏ పోర్టుకు పోతున్నదీ కొన్ని నిమిషాలకోసారి పంపుతుంది. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పెట్టుకున్న ఏర్పాటు ఇది. వీహెచ్ఎఫ్ రేడియో కాబట్టి ఒడ్డున ఉన్న రిసీవర్‌కు కొన్ని పదుల కిలోమీటర్ల దాకానే అందుతుంది, అందుకే లైట్‌హౌస్‌ల మీద రిసీవర్లు పెట్టారు. అంతకు మించిన దూరంలో శాటిలైట్లు వింటాయి. శాటిలైట్‌కూ ఒక చిక్కుంది. వేల కిలోమీటర్ల మేర ఉన్న ఓడలన్నీ ఒక్కసారే దాని చెవిలో పడతాయి, సంకేతాలు ఒకదాని మీద ఒకటి పడి కొన్ని చెడిపోతాయి. కాబట్టి ఒడ్డు రికార్డునూ ఆకాశం రికార్డునూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. లేఖ ముగ్గురికీ కలిపి రాయడానికి అసలు కారణం ఇదే.

ఇది జరగని పని అంటారేమో. జరిగింది కాబట్టే అడుగుతున్నాను. 2017 జూన్ 11న కొచ్చి దగ్గర "కార్మెల్ మాత" అనే చేపల బోటును ఒక ఓడ గుద్ది వెళ్లిపోయింది. మనుషులు పోయారు. అది పనామా జెండా కట్టుకున్న "యాంబర్ ఎల్" అని తేల్చి, అదే రోజు దాన్ని ఆపారు. ప్రాణం పోతే ఓడ పేరు పూట తిరక్కుండా తేలింది. వల పోతే ఏళ్లు గడిచినా తేలదు. రెండింటికీ చూడాల్సిన రికార్డు ఒకటే. (2024 నవంబర్‌లో రేషన్ బియ్యం గొడవలో, కాకినాడ యాంకరేజీలో ఉన్న "స్టెల్లా ఎల్" పేరు మన రాష్ట్రంలో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చింది. పెద్దవాళ్లు తలుచుకుంటే ఓడ పేరు ఎంత తేలిగ్గా తెలుస్తుందో అప్పుడు చూశాం.)

ఏఐఎస్ ఆపేసి తిరిగే ఓడ సంగతేంటి అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి రాడార్ బొమ్మలున్నాయి. ఐరోపా వాళ్ల సెంటినెల్-1 బొమ్మలు 2014లో మొదటి శాటిలైట్ పైకి పోయినప్పటి నుంచి ఎవరికైనా ఉచితం, ఇంటర్నెట్ ఉంటే చాలు. భోజనం అయ్యాక లాప్‌టాప్‌లో మా తీరం బొమ్మ తెరిచి కూర్చోవడం నాకు అలవాటు. సముద్రం నల్లగా, పొలాలు బూడిద రంగులో ఉంటాయి. కృష్ణపట్నం ముందు లంగరేసి వంతు కోసం ఆగిన ఓడలు తెల్లటి చుక్కలుగా మెరుస్తుంటాయి, ఎందుకంటే ఇనుప మూలలు రాడార్ తరంగాన్ని బలంగా వెనక్కి కొడతాయి. కదిలే ఓడ అయితే తమాషాగా, నీళ్ల మీద తాను గీసిన చారకు పక్కగా జరిగి కనిపిస్తుంది, పట్టాల పక్కన రైలు పోతున్నట్టు. శాటిలైట్ వైపు వచ్చేదాన్నీ దూరంగా పోయేదాన్నీ రాడార్ లెక్కగట్టే తీరు వల్ల చుక్క అలా తప్పి పడుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే వేగం కూడా అంచనా కట్టొచ్చు. ఆ బొమ్మ మీద అదే సమయపు ఏఐఎస్ రికార్డు పరిస్తే పేరున్న చుక్కలు ఒకవైపు, పేరులేని చుక్కలు ఒకవైపు తేలిపోతాయి.

ఇదే పని ప్రపంచమంతటికీ చేసి 2024 జనవరిలో ఒక పరిశోధన వచ్చింది. 2017 నుంచి 2021 దాకా ఉన్న శాటిలైట్ బొమ్మలు జల్లెడ పట్టి చూస్తే, పారిశ్రామిక స్థాయిలో చేపలు పట్టే ఓడల్లో నాలుగింట మూడు వంతులు బయటికి తెలిసే ట్రాకింగ్‌లో లేవని తేలింది. సరుకు ఓడలు, ఇంధనం పనుల ఓడల్లో అది నాలుగింట ఒక వంతు. అలా లెక్కలోకి రాని వేట ఎక్కువగా ఆఫ్రికా చుట్టూ, మన దక్షిణాసియా చుట్టూ ఉందట. ట్రాకింగ్‌లో లేనంత మాత్రాన దొంగ ఓడ అనలేం, చాలా దేశాల్లో చేపల ఓడకు ఏఐఎస్ తప్పనిసరి కాదు. కానీ ఎవరికీ తెలియకుండా తిరిగే ఓడలు ఎంత ఎక్కువో ఆ లెక్క చెబుతుంది.

ఇంతకంటే నన్ను పట్టి కుదిపింది ఉత్తర కొరియా కథ. జపాన్ ఒడ్డుకు ఏటా చిన్న చెక్క పడవలు కొట్టుకొచ్చేవి, కొన్నింట్లో శవాలుండేవి. ఉత్తర కొరియా జాలర్లు అంత దూరం ఎందుకు పోతున్నారో చాలాకాలం సరిగ్గా అర్థం కాలేదు. 2020లో పరిశోధకులు నాలుగు రకాల శాటిలైట్ సమాచారం ఒకచోట చేర్చారు. ఏఐఎస్, రాడార్, మామూలు ఫొటోలు, రాత్రి దీపాల వెలుగును పట్టే బొమ్మలు. 2017లో 900కు పైగా, 2018లో సుమారు 700 చైనా ఓడలు ఐక్యరాజ్యసమితి ఆంక్షలు ఉండగానే ఉత్తర కొరియా నీళ్లలో స్క్విడ్ పడుతున్నాయని బయటపడింది. పెద్ద ఓడలు దగ్గరి నీళ్లు ఆక్రమించుకుంటే, ఆ చిన్న పడవలు తమకు తాహతు లేని దూరాలకు, రష్యా వైపు పోయి చలికీ ఇంజను చెడిపోవడానికీ బలయ్యాయని పరిశోధకులు రాశారు. వాళ్లు యుద్ధనౌకల మీద పోయి పట్టుకున్నవాళ్లు కాదు, పౌర శాటిలైట్ల బొమ్మలు చదివినవాళ్లు.

ఆ కథ చదివినప్పుడు మా వాళ్లు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? మన రాష్ట్ర చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా నీళ్లు సంప్రదాయ పడవలవి, మరబోట్లు ఆ అవతల పట్టుకోవాలి. నెల్లూరు తీరంలో మాత్రం తమిళనాడు నుంచి వచ్చే సోనా బోట్లు ఒడ్డుకు దగ్గరగా గీకి పోతాయన్నది ఏళ్ల నాటి గొడవ. మావాళ్లు అడ్డుపడటం, బోట్లు పట్టుకొచ్చి ఒడ్డున కట్టేయడం, పెద్దలు వచ్చి మాట్లాడటం, మళ్లీ మొదటికి రావడం. ప్రతిసారీ వాదన ఒక్కటే. "మేం లోపలికి రాలేదు" అని వాళ్లు, "వచ్చారు" అని వీళ్లు. విశాఖలో రింగు వలల గొడవ 2022 జనవరిలో బోట్లు తగలబెట్టుకునే దాకా పోయింది. రికార్డు ఉంటే కొట్లాటలు ఆగిపోతాయని చెప్పను. పంచాయితీలో కూర్చున్నప్పుడు కనీసం ఎవరు ఎక్కడున్నారన్న సంగతి మీద కేకలు తగ్గుతాయి.

ఎక్కడిదాకా సాయపడుతుందో కూడా చెప్పాలి, లేకపోతే రేపు మీరే నన్ను తప్పుపడతారు. ఉచితంగా దొరికే రాడార్ బొమ్మలో పాతిక మీటర్ల ఇనుప ఓడ బాగా కనిపిస్తుంది, మా తొమ్మిది పది మీటర్ల ఫైబర్ బోటు కనిపించదు. శాటిలైట్ ఎప్పుడూ నెత్తిన ఉండదు. సెంటినెల్-1 కొన్ని రోజులకోసారి, తెల్లవారుజామునో సాయంత్రమో దాటిపోతుంది. నైసార్ ఒకే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది, పైగా దాని అసలు పని భూమినీ మంచునూ చూడటం. కాబట్టి వల తెగిన సరిగ్గా ఆ రాత్రి బొమ్మ ఉండకపోవచ్చు. అందుకే ధ్రువపత్రానికి ఆధారం ఏఐఎస్ రికార్డే అవ్వాలి. రాడార్ బొమ్మ ఉన్న రోజున దాన్ని సాక్ష్యంగా జతచేస్తే సరిపోతుంది.

ఇక ట్రాన్స్‌పాండర్ల సంగతి, అంటే బోటు ఎక్కడుందో శాటిలైట్ ద్వారా ఒడ్డుకు తెలిపే పరికరాలు. 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష బోట్లకు వీటిని బిగించే పథకాన్ని 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్‌లో ప్రారంభించారు. ఇస్రో టెక్నాలజీ. ఒడ్డుకూ బోటుకూ మధ్య రెండువైపులా మెసేజ్ పోతుంది. నేను దీనికి వ్యతిరేకం కాదు. 2018 నవంబర్‌లో గుజరాత్ నుంచి వేటకు పోయి, తెలియక సరిహద్దు దాటి పాకిస్తాన్ వాళ్లకు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇంటికి రాలేదు. ఆ ఇళ్లలో ఆడవాళ్లు పడ్డ టెన్షన్ తెలిసినవాళ్లెవరూ అలాంటి పరికరం వద్దనరు. కానీ ఒడ్డున మాట్లాడుకునే మాటలు మీ దాకా రావేమో, చెబుతాను. "మా బోటు ఎక్కడుందో వాళ్లకు తెలుస్తుంది, మా మీదికి వచ్చే ఓడ ఎక్కడుందో మాకెందుకు చెప్పరు?" అన్నది ఒకటి. "మా వేట చోటు పక్కవాడికి తెలిసిపోతే?" అన్నది రెండోది. రెండోది బయటివాళ్లకు చిన్నగా కనిపిస్తుంది. చేపలు పడే చోటు తండ్రి కొడుక్కి చెప్పే రహస్యం, దాన్ని సర్వర్‌లో పెట్టేముందు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో తెలుగులో రాసి ఇవ్వాలి. మొదటిదానికి జవాబు, ఐదారు కిలోమీటర్లలోకి పెద్ద ఓడ వస్తే అదే పరికరంలో మోగే హెచ్చరిక. పెద్ద ఓడల ఏఐఎస్ సమాచారం ఎలాగూ మీ దగ్గర ఉంది. దాన్ని అదే వ్యవస్థలోకి మళ్లించడం ఇస్రోకు చేతకాని పని అంటే నేను నమ్మను.

భద్రత అనే మాట తప్పకుండా వస్తుంది. 2008 నవంబర్ ముంబయి దాడికి వచ్చినవాళ్లు చేపల బోటు మీదే వచ్చారు, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఆ తర్వాతే తీరంలో రాడార్లు వచ్చాయి, 2018 డిసెంబర్‌లో గురుగ్రామ్‌లో హిందూ మహాసముద్ర సమాచార కేంద్రం వచ్చింది. నావికాదళం రహస్యాలు నాకు అక్కర్లేదు. నేనడిగేవి సరుకు ఓడల పేర్లు. వాటిని ఇవాళ ఫోన్‌లో యాప్ పెట్టుకుని ఏ దేశంలో కూర్చున్నవాడైనా చూస్తున్నాడు. దాచినందువల్ల తెలియకుండా పోయేది ఇంగ్లిష్ యాప్ వాడటం రాని మా చిన్నాయనకే. ఇండోనేషియా 2017లో తన చేపల ఓడల ట్రాకింగ్ సమాచారాన్ని ప్రపంచమంతా చూసేలా బయటపెట్టింది. చేపల ఓడల కదలికలు గమనించే గ్లోబల్ ఫిషింగ్ వాచ్ సంస్థ వాళ్లు మూడు రోజులు ఆలస్యంగా మ్యాపు చూపిస్తారు. మీరు వారం తీసుకోండి. 5 మీటర్లు, అంతకంటే ముతక బొమ్మలు అందరికీ ఉచితంగా అందాలని 2023 అంతరిక్ష విధానంలో రాసుకున్నది మీరే. బొమ్మ ఇస్తే సరిపోదు, దాన్ని చదివి చెప్పేవాళ్లు కావాలి. ఆ మనుషులు హైదరాబాద్‌లోనే ఉన్నారు, శాటిలైట్ బొమ్మలు చూసే బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీలో, సముద్ర సమాచారం ఇచ్చే ప్రగతినగర్ ఇన్‌కాయిస్‌లో. చేపలు ఎక్కడ దొరుకుతాయో శాటిలైట్ చూసి తెలుగులో చెప్పడం ఇన్‌కాయిస్‌కు కొత్తేమీ కాదు.

చమురు గురించి రెండు ముక్కలు. నీళ్ల మీద నూనె తేలితే చిన్న అలలు అణిగిపోతాయి, రాడార్ బొమ్మలో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఐరోపా 2007 నుంచి క్లీన్‌సీనెట్ పేరుతో ఆ మచ్చలు పట్టుకుని, శాటిలైట్ దాటిన అరగంట అటూఇటూలో తీర దేశాలకు కబురు పెడుతోంది. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు ఒడ్డున జనం బకెట్లతో తోడారు. ఎన్నూరు మాకు పరాయిది కాదు, పులికాట్‌కు ఆ చివర. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట పోర్టులు పూర్తయితే మన తీరానికి వచ్చే ఓడలు పెరుగుతాయి. కబురు కలెక్టర్ ఆఫీసులో ఆగకుండా ఊరి దాకా వచ్చే ఏర్పాటు ఆ లోపే జరగాలి.

రాష్ట్రమంతా ఒకేసారి అక్కర్లేదు. జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది. ఆ మర్నాటి నుంచి కృష్ణపట్నం, రామాయపట్నం మధ్య తీరంలో మొదలుపెట్టండి. ఒక పేజీ ఫారం, తెలుగులో. గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుడు తీసుకుని రసీదు ఇవ్వాలి. బోటు నంబరు, తేదీ, టైము, పాయింటు, పోయిన వల ఎంత, అంతే. జవాబుగా వచ్చే ధ్రువపత్రంలో, ఆ టైముకు గంట ముందూ గంట వెనకా, ఆ పాయింటు చుట్టూ 5 కిలోమీటర్లలో తిరిగిన ప్రతి ఓడ పేరు, నంబరు, జెండా, పోర్టులో దాని ఏజెంటు ఎవరన్నది ఉండాలి. ఏజెంటు తెలిస్తే చాలు, ఓడ యజమానులకు ఇలాంటి నష్టాలకు పీ అండ్ ఐ బీమా ఉంటుంది, మిగతాది మా సంఘం చూసుకుంటుంది. ఏ ఓడా లేదని రికార్డు చెబితే "లేదు" అనే రాసివ్వండి, ఒప్పుకుంటాం. అప్పుడు మాత్రం ఆ రోజు రాడార్ బొమ్మ ఉందో లేదో, ఉంటే అందులో పేరులేని చుక్క ఏదైనా కనపడిందో కిందే ఒక గడిలో నింపండి.

ఇట్లు,
నెల్లూరు తీరం నుంచి ఒక మత్స్యకార కుటుంబీకుడు

ప్రతులు: ఇన్‌కాయిస్ డైరెక్టర్ గారికి, కోస్ట్‌గార్డ్ తూర్పు ప్రాంత అధికారులకు, మా ఊరి సంఘం పెద్దలకు